పల్నాటి దారిలో ఒక ప్రశ్న: చేను ఎవరిది? కోత ఎప్పటికి?

పల్నాడు అనగానే మనలో చాలామందికి కోడిపందెము, కారెంపూడి యుద్ధము, మాడు పగిలే ఎండ, నాపరాయి, ఘాటైన మిరపకాయ జ్ఞాపకం వస్తాయి. కృష్ణానదికి దక్షిణాన, నల్లమల అడవికి ఆనుకొని ఉన్న ఈ సీమ 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట ముఖ్య పట్టణంగా ప్రత్యేక జిల్లా అయింది. ఫిబ్రవరి నెలాఖరున, మిరప కోతలు ముమ్మరంగా సాగే రోజుల్లో, నరసరావుపేటలో బయలుదేరి పిడుగురాళ్ళ, కారెంపూడి, గురజాల, రెంటచింతల, మాచర్ల మీదుగా నాగార్జునసాగరు దాకా మూడు రోజులు తిరిగి వచ్చాము. కొంత దూరం బస్సులో, కొంత ఆటోలో ప్రయాణం చేశాము. ఆ ప్రాంతంలో చాలాకాలం పరిచర్య చేసిన ఒక పాస్టరు గారు మాకు తోడు వచ్చారు.

ఈ ప్రయాణంలో చూచిన స్థలాలకంటే, వెళ్ళిన ప్రతిచోటా ఎదురైన ఒక ప్రశ్నను గురించే ఇక్కడ ఎక్కువగా వ్రాస్తున్నాము. ఎందుకంటే అది పల్నాటి తల్లిదండ్రుల ప్రశ్న మాత్రమే కాదు. ఈ పత్రిక చదివే అనేక కుటుంబాలలోనూ అదే ప్రశ్న ఉన్నది.

ప్రశ్న ఇది. మన పిల్లలు ఇంజనీరింగు చదివి హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉద్యోగాలలో చేరుతున్నారు. అందులో కొందరు పెద్ద కంపెనీలలో కాక, స్టార్టప్ అని పిలిచే చిన్న కొత్త కంపెనీలలో చేరుతున్నారు. ఒక కొత్త ఆలోచనతో, ఇతరులు పెట్టిన పెట్టుబడితో, పదిమందో ఇరవైమందో కలిసి మొదలుపెట్టి, నాలుగైదు ఏళ్ళలోనే చాలా పెద్దది చేయాలని చూసే కంపెనీ అది. 2016 జనవరిలో కేంద్ర ప్రభుత్వం స్టార్టప్ ఇండియా పథకం ప్రారంభించింది. 2025 నాటికి ప్రభుత్వ గుర్తింపు పొందిన ఇలాంటి కంపెనీలు లక్షన్నర దాటాయి. వాటిలో చాలాచోట్ల పనికి వేళాపాళా ఉండదు. రోజుకు పన్నెండు, పద్నాలుగు గంటలు పనిచేయడం, రాత్రి ఒంటిగంటకు ఫోను వచ్చినా లేవడం, ఆదివారం లేకపోవడం అక్కడ గొప్పగా చెప్పుకొనే సంగతులు. ఇంగ్లీషులో దీనిని హజిల్ అంటున్నారు. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ స్థాపకులలో ఒకరైన నారాయణమూర్తి గారు దేశంలోని యువకులు వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో లార్సెన్ అండ్ టూబ్రో చైర్మను 90 గంటల మాట చెప్పారు. వారానికి ఉన్నవి 168 గంటలే గదా! ఇలా పనిచేయడం న్యాయమేనా? కష్టపడమని నేర్పిన మనమే ఇప్పుడు వద్దని చెప్పవచ్చునా?

నరసరావుపేట: తెల్లవారుజాము దీపాలు

నరసరావుపేట బస్టాండు దగ్గర నిలబడి చూస్తే గోడల మీద, స్తంభాల మీద పిల్లల ఫోటోలు కనిపిస్తాయి. ర్యాంకులు, మార్కులు, జీతాల అంకెలు పెద్ద అక్షరాలలో ఉంటాయి. ఒకప్పుడు ప్రత్తికి, మిరపకు, కోటప్పకొండ తిరునాళ్ళకు పేరుపడిన ఈ ఊరు ఇప్పుడు చదువుల ఊరు కూడా. ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలు ఉన్నాయి. 2016లో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల కూడా ఇక్కడకు వచ్చింది. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన పిల్లలు హాస్టళ్ళలో ఉండి చదువుతున్నారు. వారిలో చాలామంది కూలినాలి చేసుకొనే ఇళ్ళనుంచి వచ్చినవారు. ఇంటిలో డిగ్రీ ముఖం చూచిన మొదటి తరము వారిదే.

మన పిల్లలకు ఈ విరామం లేని పని కంపెనీలో మొదలు కాలేదు. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి, రాత్రి పదకొండు దాకా పుస్తకం ముందు కూర్చోబెట్టే ఇంటర్మీడియట్ హాస్టళ్ళలోనే మొదలైంది. పండుగకు ఇంటికి పంపరు, ఆదివారం పరీక్ష పెడతారు. "ఈ రెండేళ్ళు కష్టపడితే జీవితమంతా సుఖమే" అని మనమే చెప్పి పంపాము. రెండేళ్ళయ్యాక ఇంజనీరింగు నాలుగేళ్ళు అన్నాము. ఆ తరువాత ఉద్యోగం వచ్చేదాకా అన్నాము. ఇప్పుడు కంపెనీ అదే మాట చెబితే వారికి వింతగా తోచదు. కష్టానికి ఒక చివర ఉంటుందని వారు చిన్ననాటినుండి వింటూనే ఉన్నారు. ఆ చివరను మాత్రం ఇంతవరకు చూడలేదు.

పిడుగురాళ్ళ: ఆగని బట్టీ, మారే మనుషులు

నరసరావుపేట నుంచి పిడుగురాళ్ళ వెళ్ళే దారిలో రెండు ప్రక్కలా కల్లాలు ఎర్రగా పరచుకొని ఉన్నాయి. పిడుగురాళ్ళ దగ్గరపడేకొద్దీ ఆ ఎరుపు పోయి తెలుపు వస్తుంది. ఇది సున్నపు బట్టీల ఊరు. చెట్ల ఆకులమీద, ఇళ్ళ కప్పులమీద తెల్లని పొడి. పల్నాటి నేల క్రింద ఉన్న సున్నపురాయే దానికి కారణం. రాయి, బొగ్గు బట్టీ పైనుంచి పోస్తారు. సుమారు 900 డిగ్రీల వేడిలో రాయి కాలి సున్నమవుతుంది. దానిని క్రిందనుంచి లాగుతారు. బట్టీ ఒకసారి రాజుకున్న తరువాత ఊరికే ఆర్పరు. ఆర్పి మళ్ళీ వెలిగిస్తే బొగ్గు, రోజులు, డబ్బు అన్నీ నష్టమే.

అయితే ఆగని ఆ బట్టీ దగ్గర మనుషులు ఆగుతారు. ఒక జట్టు దిగితే మరొక జట్టు ఎక్కుతుంది. ఒకే మనిషిని పగలూ రాత్రీ బట్టీ నోటిముందు నిలబెడితే ఏమవుతుందో మేస్త్రీకి బాగా తెలుసు. కొత్త కంపెనీలవారు తరచుగా చెప్పే కారణము ఇదే: మా పని ఆగదు, మనం నిద్రపోయేవేళ అమెరికా మేలుకొని ఉంటుంది, కంప్యూటరు 24 గంటలూ నడుస్తూనే ఉండాలి. మంచిది, నడవనివ్వండి. బట్టీ ఆగకూడదంటే మనుషులను మార్చాలి గాని, మనిషిని కాల్చకూడదు. రెండవ జట్టుకు జీతం ఇవ్వలేక మొదటి జట్టునే రెండుసార్లు ఎక్కించి, దానికి ఉత్సాహమని, అంకితభావమని పేరు పెట్టడము లెక్కల సంగతి. అది గొప్ప సంగతి కాదు.

బట్టీనుంచి వచ్చిన సున్నాన్ని వెంటనే గోడకు పూయరు. నీళ్ళు పోసి నానబెట్టాలి. నానకుండా పూస్తే తరువాత గోడ పొక్కి, పెళ్ళలు ఊడుతుంది. వేడిలో కాలిన వస్తువుకు చల్లబడే కాలము ఇవ్వకపోతే అది పనికిరాదని ఇక్కడి తాపీ పనివారందరికీ తెలుసు.

కారెంపూడి: పౌరుషము

కారెంపూడిలో నాగులేటి ఒడ్డున వీరుల గుడి ఉన్నది. 12వ శతాబ్దములో బ్రహ్మనాయుడు, నాగమ్మల వైరంతో ఇక్కడ జరిగిన యుద్ధం మనకందరికీ తెలిసిన కథే. ప్రతి సంవత్సరం కార్తీకమాసంలో వీరుల ఉత్సవాలు జరుగుతాయి. కోడిపందెంలో ఓడినందుకు ఏడేండ్లు వలసపోవడం, ఆ తరువాత యుద్ధం, అందులో బాలచంద్రుని వంటి యువకులు ప్రాణాలు విడవడం. పందెం కాసినది పెద్దలు. చెల్లించినది పిల్లలు.

పల్నాటి మనిషికి పౌరుషం అనే మాట చాలా ఇష్టమైనది. మాట పడడు, వెనక్కు తగ్గడు. ఇది మంచి గుణమే. అయితే ఈ గుణాన్ని ఎలా వాడుకోవాలో ఇతరులకు బాగా తెలుసు. "ఇది అందరివల్ల అయ్యే పని కాదు, నీవల్ల అవుతుందా?" అని ఒక్క మాట అంటే చాలు, మన కుర్రవాడు మూడు రాత్రులు నిద్ర మానుకుంటాడు. "ఎనిమిది గంటలే పనిచేసేవాళ్ళు మాకు వద్దు" అంటే, ఇంటికి వెళ్ళడమే అవమానమనుకుంటాడు. అలసిపోయానని చెప్పడం ఓడిపోవడం కాదని వానికి ఎవరైనా చెప్పాలి. ఏలీయా ప్రవక్త బదరీ వృక్షం క్రింద పడి ఇక చాలునని చావు కోరుకున్నప్పుడు దేవుడు ఆయనను గద్దించలేదు. నిద్రపోనిచ్చి, రొట్టె, నీళ్ళు పెట్టించి, మళ్ళీ నిద్రపోనిచ్చాడు. పని సంగతి ఆ తరువాతనే మాట్లాడాడు.

కల్లం మీద ఒక సంభాషణ

కారెంపూడి దాటి గురజాల వైపు పోతుంటే, పాస్టరు గారికి తెలిసిన ఒక రైతు కుటుంబం కల్లం మీద ఉన్నారు. రెండెకరాల సొంత చేను, మూడెకరాల కౌలు. భార్యాభర్తలిద్దరూ ఎండుకాయలలోనుంచి తాలుకాయలు ఏరుతున్నారు. వారి పెద్దమ్మాయి హైదరాబాదులో పద్దెనిమిదిమంది పనిచేసే ఒక కొత్త కంపెనీలో రెండేళ్ళుగా ఉన్నది. క్రిస్మసుకు రాలేదు. జనవరిలో ఆఫీసులోనే కళ్ళు తిరిగి పడిపోయింది. రక్తం తక్కువగా ఉన్నదని డాక్టరు చెప్పారట.

"మానేసి రమ్మందామా వద్దా అని రోజూ ఇదే గొడవ అయ్యగారూ," అన్నాడు ఆయన. "మేం మాత్రం కోతలప్పుడు రేత్రనక పగలనక చెయ్యట్లా? నీళ్ళ వంతు వస్తే అర్ధరాత్రి లాంతరేసుకుని కాలవ గట్టున పడుకోలా? కష్టం చెయ్యకుండా ఎవరికొస్తది? బిడ్డ చేస్తే తప్పేంటి?"

ఆమె చేతిలో కాయలు వదలకుండానే జవాబు చెప్పింది. "మన కోతలు మార్చికో ఏప్రిలుకో అయిపోతాయి. కాయ యార్డుకు తోలినాక వానలు పడేదాకా కాస్త ఊపిరి పీల్చుకుంటాం. దాని కోతలు ఎప్పటికి అయిపోతాయో అడిగావా? దానికే తెలీదు. ఇంకోటి చెప్తా. మనం చేసేది మన చేలో. అది చేసేది ఎవరి చేలో?"

ఆయన మాట్లాడలేదు. పాస్టరు గారు కూడా వెంటనే ఏమీ అనలేదు. మేము అనేకమంది చదువుకున్నవారి వాదనలు విన్నాము గాని, ఈ విషయాన్ని ఇంత సూటిగా చెప్పినవారు లేరు.

ఆమె మొదటి మాటను కొంచెం ఆలోచిద్దాము. వ్యవసాయంలో తీవ్రమైన కష్టం ఉన్నది, కాని దానికి కాలం ఉన్నది. పండిన కాయ ఆగదు కనుక కోతలకు పరుగెత్తాలి. కాలువకు నీరు వదిలినప్పుడే తడి పెట్టాలి. ఆ తరువాత నేలకూ, ఎద్దుకూ, మనిషికీ విరామం వస్తుంది. బండలాగుడు పోటీలకు ఒంగోలు ఎడ్లను పెంచే పల్నాటి రైతును అడగండి: పోటీలో లాగించిన జతను మర్నాడే మళ్ళీ బండకు కడతాడా? చివరికి గుంటూరు మిర్చి యార్డు కూడా, ఆసియాలోనే అతి పెద్ద మిరప మార్కెట్లలో ఒకటిగా పేరుపడినది, శని ఆదివారాలు వ్యాపారం ఆపుతుంది. ఎండలు ముదిరిన తరువాత దాదాపు నెలరోజులు సెలవు ప్రకటిస్తుంది. కోట్ల రూపాయల సరుకు అమ్మే చోట హమాలీకి దొరికే సెలవు, కుర్చీలో కూర్చొని పనిచేసే మన పిల్లలకు దొరకడం లేదు!

కుర్చీలో కూర్చొని చేసే పనికి అలసట ఏమిటి అని పల్లెలో కొందరు అంటారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ఒక పరిశోధన ప్రకటించాయి. వారానికి 55 గంటలు, అంతకుమించి పనిచేసేవారికి, 35 నుంచి 40 గంటలు పనిచేసేవారికంటే, పక్షవాతం వచ్చే ప్రమాదం 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ప్రమాదం 17 శాతం ఎక్కువని తేలింది. అధికమైన పనిగంటల కారణంగా 2016 ఒక్క సంవత్సరంలోనే ప్రపంచమంతటా సుమారు 7,45,000 మంది ఈ రెండు జబ్బులతో చనిపోయారని లెక్కకట్టారు. శరీరము చేనులో ఉన్నదా ఆఫీసులో ఉన్నదా అని రక్తనాళాలు చూడవు.

చేను ఎవరిది?

ఇక ఆ తల్లి రెండవ మాట. పల్లెలో పనిచేసేవారు అందరూ ఒక్కటి కాదు. సొంత చేను చేసుకొనేవాడు ఒకడు. కౌలుకు చేసేవాడు ఒకడు. పంటలో పాలుకు చేసేవాడు ఇంకొకడు. రోజుకూలి వేరు. ఏడాదికి ఇంత అని జీతానికి కుదిరిన పాలేరు వేరు. కష్టం అందరిదీ కష్టమే, కాని పంట వచ్చినప్పుడు, పంట పోయినప్పుడు ఎవరికి ఏమి మిగులుతుందో అందరికీ తెలుసు.

స్టార్టప్ కంపెనీలో కూడా ఇదే లెక్క. దానిని ప్రారంభించినవాడు సొంత చేను రైతు. రాత్రింబవళ్ళు చేస్తే ఆ ఫలం ఆయనది, పోతే నష్టమూ ఆయనదే. అతడు నిద్ర మానుకున్నాడని మనం ఆశ్చర్యపడనక్కరలేదు. ఉద్యోగులకు కొన్ని కంపెనీలు వాటాలు ఇస్తాయి. దీనిని ఈసాప్ అంటారు. ఇది పాలు వంటిది. ఇన్ఫోసిస్ 1981లో ఏడుగురితో, పదివేల రూపాయలతో మొదలైంది. 1990లలో అది తన ఉద్యోగులకు వాటాలు ఇచ్చింది, అనేకమంది మామూలు ఉద్యోగులు ధనవంతులయ్యారు. ఇది నిజం. కనుక అలాంటి చోట కొంతకాలం ఎక్కువ కష్టపడడంలో అర్థం ఉన్నది.

కాని పాలు అంటే పాలే అయి ఉండాలి. నోటి మాటగా ఇచ్చిన వాటా వాటా కాదు. కాగితం మీద ఇచ్చినా మన దేశపు నిబంధనల ప్రకారం కనీసం ఒక సంవత్సరం ఆగితేగాని దానిమీద హక్కు రాదు. చాలా కంపెనీలు నాలుగేళ్ళలో కొంచెం కొంచెంగా ఇస్తాయి, మధ్యలో మానివేస్తే మిగిలినది పోతుంది. చేతికి వచ్చిన తరువాత కూడా దానిని కొనేవారు ఉంటేనే డబ్బు. కంపెనీ మునిగితే అది తాలుకాయే. బైజూస్ అనే చదువుల కంపెనీ విలువను 2022లో 2,200 కోట్ల డాలర్లుగా కట్టారు. 2024లో అది దివాలా విచారణకు వచ్చింది. వేలమంది ఉద్యోగాలు పోయాయి. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో తెల్లదోమ ప్రత్తిని తిన్నప్పుడు అప్పుచేసి, కౌలు కట్టి, పురుగుమందు కొట్టి కూలిపోయిన కుటుంబాలను చూచిన మనకు ఈ కథ కొత్తది కాదు. తెల్లబంగారం అని అందరూ పరుగెత్తినప్పుడు నష్టం చివరికి ఎవరి ఇంటికి వచ్చిందో మనం మరచిపోలేదు.

వాటా లేకుండా నెలజీతం మాత్రమే ఉన్నవాడు కూలివాడు. అందులో అవమానం ఏమీ లేదు. కూలికి గంటలు ఉంటాయి, గంటలు మించితే అదనపు కూలి ఉంటుంది, పొద్దు గూకితే ఇంటికి పోవచ్చు. కూలివానిని నాలుగవ మార్గంలోకి లాగడమే అన్యాయం. అది పాలేరుతనం. మన సంఘాలలోని పెద్దలలో చాలామంది తండ్రులు, తాతలు పాలేర్లుగా ఉన్నవారే. వారికి ఆసామి చెప్పిన మాట ఏమిటి? "నువ్వు పరాయివాడివా, మా ఇంటివాడివే గదరా!" ఇంటివాడు కనుక లెక్క అడగకూడదు. ఇంటివాడు కనుక తెల్లవారకముందే దొడ్లోకి రావాలి. కాని పొలం పంచుకొనేటప్పుడు మాత్రం ఇంటివాడు కాడు. నేటి కొత్త కంపెనీలలో "మనమంతా ఒక కుటుంబం" అనే మాట తరచుగా వినబడుతుంది. ఆ మాట విన్నప్పుడు మన పెద్దలను జ్ఞాపకం చేసుకోవడం మంచిది. రైతు చేసే కష్టమంతా చేయించుకొని పాలేరు జీతం ఇవ్వడం, మధ్యలో చేను నీదేనని నమ్మించడం, ఏ కాలంలోనైనా న్యాయం కాదు.

గురజాల: హయ్యరు గారి నడక

గురజాల చేరినప్పుడు మధ్యాహ్నమైంది. లూథరన్ సంఘములవారికి ఈ ఊరి పేరు చెప్పగానే హయ్యరు గారు జ్ఞాపకం వస్తారు. జర్మనీలో 1793లో పుట్టి, అమెరికాలో బోధకుడైన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరు గారు 1842 జూలై 31న గుంటూరు చేరారు. 1849లో పల్నాడు వచ్చి గురజాలలో కాపురమున్నారు. అప్పటికి ఆయన వయస్సు యాభై ఐదు దాటింది. రైలు లేదు, సాగరు కాలువ లేదు, జ్వరాలు, ఎండలు. ఒక విధంగా చూస్తే ఆయనది కూడా కొత్తగా ప్రారంభించిన పనే. చేతిలో డబ్బు తక్కువ, తోడు తక్కువ, ఫలితం తెలియదు.

ఆయన కష్టపడలేదని ఎవరూ అనలేరు. అయితే ఆయన జీవితం ఒకే ఊపున పరుగెత్తి పడిపోయిన జీవితం కాదు. 1846లో అమెరికా తిరిగి వెళ్ళారు, బాల్టిమోరులో వైద్యం చదివి 1848లో మళ్ళీ వచ్చారు. ఆ చదువు పల్నాటిలో ఎంతో ఉపయోగపడింది. 1857లో తిరిగి వెళ్ళి, 1869లో, డెబ్బై ఆరేళ్ళ వయస్సులో, రాజమండ్రి పని నిలబెట్టడానికి ఇంకొకసారి వచ్చారు. 1873లో కన్నుమూశారు. ముప్పై ఏళ్ళలో మూడుసార్లు వచ్చిన మనిషి ఆయన. పని తన ప్రాణం తీసేదాకా అక్కడే పడి ఉండడమే భక్తి అనుకొని ఉంటే, రెండవసారి, మూడవసారి వచ్చేవాడు ఉండేవాడు కాడు.

ఇంకొక తేడా కూడా ఉన్నది. హయ్యరు గారు ఆ కష్టాన్ని తానే ఎంచుకొన్నారు. మన పిల్లలలో ఎంతమంది ఎంచుకొన్నారు? ఇంటి అప్పు, చెల్లెలి చదువు, తండ్రి ఆపరేషను నెత్తిన పెట్టుకొన్నవారు "ఇష్టమైతే ఉండు, లేకపోతే వెళ్ళు" అనే మాటకు ఇష్టపడి ఉంటున్నారా? అది ఎంపిక కాదు.

మాచర్ల, సాగరు: ఆరవలసిన కట్టడము

రెంటచింతల ఎండ రాష్ట్రంలోనే పేరుపడినది. ఫిబ్రవరిలోనే అక్కడ మధ్యాహ్నం రోడ్డు మీద మనిషి కనిపించలేదు. తెల్లవారకముందే చేలోకి దిగి, ఎండెక్కే వేళకు నీడకు చేరడం అక్కడి కూలీల పద్ధతి. మాచర్లలో చెన్నకేశవుని గుడికీ, కె.సి.పి. సిమెంటు కర్మాగారానికీ పేరు. ఆ కర్మాగారం 1958లో ప్రారంభమైంది. సిమెంటు పని తెలిసినవారికి ఒక సంగతి తెలుసు. పోసిన కాంక్రీటు ఆ రోజే బలపడదు. తడుపుతూ, బరువు పెట్టకుండా వదలాలి. దాని బలాన్ని 28 రోజుల తరువాత పరీక్షిస్తారు.

మాచర్ల నుంచి సాగరు దగ్గరే. విజయపురి సౌత్ వైపునుంచి చూస్తే ఆనకట్ట నిజముగా ఒక పర్వతంలా ఉన్నది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీరు వదిలారు. సుమారు 124 మీటర్ల ఎత్తు, రాతికట్టడం. యంత్రాలు తక్కువ పెట్టి, ఎక్కువమందికి పని దొరకాలని రాతితో కట్టారు. పాలమూరు వంటి కరువు సీమలనుంచి వచ్చిన వేలాది స్త్రీపురుషులు తలలమీద రాళ్ళు మోశారు. కుడికాలువ నీరు పల్నాటి మెట్టను మాగాణి చేసింది. ఈ రోజు నరసరావుపేటలో మన పిల్లలు చదువుతున్న ఫీజుల వెనుక ఆ నీరు ఉన్నది. గొప్ప పని గొప్ప కష్టం లేకుండా జరగదని సాగరు సాక్ష్యమిస్తుంది. అదే సమయంలో, రాళ్ళు మోసినవారిలో ఎంతమంది చేలకు ఆ నీరు పారిందని కూడా అది మనలను అడుగుతుంది.

పనిగంటలకు హద్దు ఉండాలనే మాట సోమరులు పుట్టించినది కాదు. 1946లో డాక్టర్ అంబేద్కర్ గారు కార్మిక శాఖ చూస్తున్నప్పుడు ఫ్యాక్టరీలలో వారపు పనిని 54 గంటలనుంచి 48 గంటలకు తగ్గించే సవరణ తెచ్చారు. 1948 ఫ్యాక్టరీల చట్టం కూడా ఆ 48నే నిలిపింది. 2025లో మన రాష్ట్రం ఫ్యాక్టరీలలో రోజు పని హద్దును తొమ్మిదినుంచి పది గంటలకు పెంచాలని నిర్ణయించినప్పుడు కూడా వారపు 48ని తీసివేయలేదు. బట్టీలలో, మిల్లులలో నలిగిన మనుషులు సంపాదించిపెట్టిన హద్దు అది. చదువుకున్న మన పిల్లలు దానిని పాతకాలపు మాటగా విడిచిపెట్టకూడదు.

ఇంకా వెనుకకు వెళ్తే విశ్రాంతి దినపు ఆజ్ఞ ఉన్నది. దానిని మనం ఆరాధన కోసమే అనుకుంటాము. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయం చదవండి. దాసుడు, దాసి యజమానివలెనే విశ్రమించాలని, ఐగుప్తులో తాము కూడా దాసులై ఉన్న సంగతి జ్ఞాపకముంచుకోవాలని అక్కడ కారణము చెప్పబడింది. నిర్గమకాండము 34వ అధ్యాయంలో ఇంకొక మాట ఉన్నది. సేద్యం ముమ్మరంగా ఉన్న రోజులకు, కోతల రోజులకు కూడా ఆ ఆజ్ఞ వర్తిస్తుంది. అంటే "ఇది మా కంపెనీకి కోతకాలం" అనే కారణం కూడా ఏడవ దినమును తీసివేయలేదు. మిరపకోతలు వస్తే ఆదివారం మందిరంలో చాపలు ఖాళీగా ఉండే మన పల్లె సంఘాలు కూడా దీనిని ఆలోచించాలి. మనం పాటించని దానిని పట్నంలో మన పిల్లలు పాటించాలని ఎలా అడుగుతాము?

కుటుంబాలకు ఒక మాట

కాబట్టి స్టార్టప్‌లో కష్టపడడం తప్పా అని అడిగితే, తప్పు కాదు అనే చెబుతాము. యౌవనంలో ఒక మంచి పనిని నిలబెట్టడానికి కొన్ని వారాలు, కొన్ని నెలలు అదనంగా శ్రమించడం, అందులో పని నేర్చుకోవడం గౌరవమైనదే. కాని చివర లేని కోతను, పాలు లేని సేద్యాన్ని, ఏడవ దినము లేని వారాన్ని కష్టమని పిలవకూడదు. దానికి వేరే పేరు ఉన్నది. ఇటుకల లెక్క తగ్గించకుండా గడ్డి మాత్రం ఆపివేసిన ఫరో కూడా తన పనివారిని సోమరులనే అన్నాడు.

తల్లిదండ్రులారా, మీ పిల్లలు ఫోను చేసినప్పుడు జీతం ఎంత పెరిగిందని అడిగే ముందు ఈ మాటలు అడగండి. ఈ తీవ్రమైన పని ఏ తేదీకి ముగుస్తుంది? ఇంతకుముందు చెప్పిన తేదీకి ముగిసిందా? వాటా ఇస్తామంటే కాగితం ఉన్నదా, ఎన్ని ఏళ్ళకు చేతికి వస్తుంది, పన్ను ఎప్పుడు కట్టాలి? నెలజీతం సమయానికి వస్తున్నదా, ప్రావిడెంటు ఫండు జమ అవుతున్నదా? వారంలో ఒక పూర్తి దినము ఫోను ఆపి ఉండగలవా? భోజనం ఎన్ని గంటలకు, నిద్ర ఎన్ని గంటలు? ఆరోగ్యం చెడితే ఎవరు చూస్తారు?

ఈ ప్రశ్నలకు సరియైన జవాబులు వస్తే, ధైర్యముగా చేయమని చెప్పి వారికోసం ప్రార్థన చేయండి. జవాబులు రాకపోతే, ఇంకొక ఉద్యోగం వెదకమని చెప్పండి. దొరికేదాకా నాలుగు నెలలు ఇంటి దగ్గర ఉన్నా, ఊళ్ళో ఎవరేమనుకుంటారో అని భయపడకండి. చాలామంది పిల్లలు కంపెనీకి భయపడి కాదు, మన పరువుకు భయపడి అక్కడ ఉండిపోతున్నారు. "నువ్వు సంపాదించినా సంపాదించకపోయినా ఈ ఇల్లు నీదే" అనే మాట వారు మన నోటనే వినాలి.

యౌవనస్థులారా, మీరు రేపు మీ సొంత కంపెనీ పెట్టవచ్చు. పల్నాటి బిడ్డలకు ఆ తెగువ ఉన్నది. అప్పుడు మీ దగ్గర పనిచేసేవారికి కూలి పొద్దు గూకక ముందే ఇవ్వండి, పాలు చెబితే వ్రాసి ఇవ్వండి, వారి ఆదివారం వారికి ఇవ్వండి. మీ తాతలకు ఎవరూ ఇవ్వనిది మీరు ఇచ్చినవారవుతారు.